బెల్లు కొట్టకండి... ప్లీజ్‌!

కాలింగ్‌ బెల్‌ మోగింది. అంతే! సోఫా పక్కన గుర్రుపెట్టి నిద్రపోతున్న చిట్టి ఒక్క ఉదుటున లేచింది. గుమ్మం వైపు పరుగు. మా హాల్లో అద్దంలా మెరిసే టైల్స్‌... ఫ్లాట్‌ కొన్నప్పుడు ముచ్చటపడి వేయించుకున్నవి. డైనింగ్‌ టేబుల్‌ మలుపు దగ్గర దాని వెనక కాళ్లు రెండూ పక్కకి జారిపోయాయి. 'కుయ్‌'మని ఒకే ఒక్క అరుపు. ఆ వెంటనే ఏమీ జరగనట్టే లేచి, తోకూపుకుంటూ వెళ్లి కొరియర్‌ అబ్బాయిని వాసన చూసి వచ్చింది.

మూడు కాళ్ల మీద.

పేరు చూసి చిన్నదనుకునేరు. తెచ్చినప్పుడు రెండు నెలల పిల్ల. రెండు అరచేతుల్లో ఒదిగిపోయేది. మా అబ్బాయి చిట్టి అన్నాడు, అదే స్థిరపడిపోయింది. ఇప్పుడు దానికి ఎనిమిదేళ్లు. లాబ్రడార్‌. బరువు 39 కిలోల 400 గ్రాములు. అంత కచ్చితంగా ఎలా తెలుసంటారా... అక్కడికే వస్తున్నా.

మర్నాడు దాన్ని దగ్గర్లోని ఒక క్లినిక్‌కి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు పాదం నొక్కి చూశారు. గోళ్ల మధ్య ముల్లేమైనా ఉందా అని వెతికారు. 'బెణికింది, ఏం కాదు' అని ఒక ఇంజెక్షన్‌ ఇచ్చి, అయిదు రోజులకి మాత్రలు రాశారు. ఎన్నాళ్లు నడిపించకూడదో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. పదమూడేళ్లుగా జనాన్ని ప్రశ్నలడగడమే ఉద్యోగంగా బతుకుతున్నదాన్ని, ఆ ఒక్క ప్రశ్నా ఎందుకు నోటికి రాలేదో ఇప్పటికీ అర్థం కాదు.

మాత్ర పడగానే చిట్టి మామూలైపోయింది. నాలుగో రోజుకే పార్కు, బంతాట, పరుగులు. నొప్పి తెలియకపోవడం వేరు, మోకాలు బాగుపడటం వేరు అన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. ఇంకో విషయం చెబితే మీరు నవ్వుతారు, నాకైతే సిగ్గేస్తుంది. ఆ రోజుల్లోనే అది కొత్తరకంగా కూర్చోవడం మొదలుపెట్టింది. రెండు కాళ్లూ ముడుచుకోకుండా, కుడికాలు ఒక్కటీ పక్కకి చాపి, దర్జాగా ఒరిగి. మహారాణిలా కూర్చుందని ఫొటో తీసి వాట్సప్‌లో స్టేటస్‌ పెట్టాను. నలభై మంది మెచ్చుకున్నారు. మోకాలు మడిస్తే నొప్పి కాబట్టే అలా కూర్చుంటోందని తర్వాత తెలిసింది.

మూడో వారంలో ఒక ఉదయం అది కాలు కింద పెట్టనేలేదు.

ఈసారి ఎముకల ఆపరేషన్లు చేసే పశువైద్యుడి దగ్గరికి వెళ్లాం. ఆయన ముందు దాన్ని నడిపించి చూశారు. తర్వాత పక్కకి పడుకోబెట్టి, రెండు తొడలూ టేపుతో కొలిచారు. కుడి తొడ అప్పటికే సన్నబడింది. ఒక చేత్తో తొడ ఎముక, ఇంకో చేత్తో కింది కాలి ఎముక పట్టుకుని, కింది ఎముకని మెల్లగా ముందుకి తోశారు. కదిలింది. బిగుతు వదిలిన బల్ల సొరుగులా కొద్దిగా ముందుకి జారి ఆగింది. ఆ పరీక్ష పేరు కూడా సొరుగు పరీక్షేనట. గట్టిగా ఉండే మోకాలు అలా జారకూడదు.

'క్రుషియేట్‌ లిగమెంట్‌. కొంత తెగింది, కొంత మిగిలింది' అన్నారు.

మోకాలి లోపల కత్తెరలా ఒకదాన్నొకటి దాటుతూ రెండు పీచుతాళ్లుంటాయి. ముందు వైపున్న తాడు కింది ఎముకని ముందుకి జారిపోకుండా పట్టి ఉంచుతుంది. ఫుట్‌బాల్‌ ఆడేవాళ్లకి తెగేదీ అదే. కాకపోతే మనుషులకి ఎక్కువగా ఒక దెబ్బతో తెగుతుంది. కుక్కలకి అలా కాదు. చాలావాటిలో నెలల తరబడి, ఏళ్ల తరబడి నులకతాడులా పోగు పోగూ అరిగి, ఒకరోజు చిన్న జారుడుకి పుటుక్కుమంటుంది. పైగా మనం నిలబడితే మోకాలు నిటారుగా ఉంటుంది. కుక్క నిలబడ్డా మోకాలు వంగే ఉంటుంది. కింది ఎముక పైభాగం వెనక్కి వాలుగా ఉంటుంది కనుక అడుగు వేసినప్పుడల్లా ఆ తాడు మీద భారమే. దానికితోడు బరువు. అంటే కొరియర్‌ అబ్బాయి పాపం నిమిత్తమాత్రుడు. అసలు దోషులం ఇంట్లోనే ఉన్నాం.

ఎక్స్‌రేలో లిగమెంట్‌ కనబడదు. కీలులో చేరిన నీరు కనబడింది. ఎముకల అంచున అప్పుడే మొలుస్తున్న చిన్న చిన్న ముళ్లు కనబడ్డాయి. 'ఇవి మూడు వారాల్లో వచ్చినవి కావు' అన్నారాయన. నేను మావారి వైపు చూశాను. ఆయన ఎక్స్‌రే వైపు చూస్తున్నారు.

పెద్ద కుక్కలకి ఆపరేషనే మొదటి మాట. కింది ఎముకని పైన వంపుగా కోసి, తిప్పి, వాలు తగ్గించి, ప్లేటు, స్క్రూలతో బిగిస్తారు. టీపీఎల్‌ఓ అంటారు. మాకు చెప్పిన ఖర్చు లక్ష దాటింది. అబ్బాయి స్కూలు ఫీజు కట్టాల్సిన నెల అది. డబ్బు సంగతి పైకి అనడానికి నోరు రాలేదు. డాక్టరే కనిపెట్టినట్టున్నారు. ఆపరేషన్‌ లేకుండా కుదురుతుందా అని ఇలాంటివి రాసే పుస్తకాల్లో ఉన్న లెక్కలు చెప్పారు. 1984లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో 15 కిలోల లోపు కుక్కల్లో నూటికి 85కి పైగా విశ్రాంతితోనే కుదుటపడ్డాయట. అంతకు మించిన బరువున్నవాటిలో నూటికి 20 కూడా లేవు. నా గుండె జారిపోయింది. 'ఆగండి, 2013లో ఇంకోటి వచ్చింది' అన్నారాయన. అందులో అన్నీ చిట్టిలాంటి లావుపాటి పెద్ద కుక్కలే. అన్నిటికీ బరువు తగ్గించారు, పద్ధతిగా వ్యాయామం చేయించారు. కొన్నిటికి ఆపరేషన్‌ కూడా చేశారు. ఏడాది తర్వాత చూస్తే ఆపరేషన్‌ అయినవాటిలో నాలుగింట మూడు వంతులు బాగున్నాయి. కానివాటిలో మూడింట రెండు వంతులకి దగ్గరగా.

'ఆ తేడా చిన్నదేం కాదు. కానీ మీ కుక్కకి పూర్తిగా తెగలేదు. ఎనిమిది వారాలు చూద్దాం. నేను చెప్పినట్టు చేస్తేనే! ఆపరేషన్‌ చేసినా ఈ విశ్రాంతి తప్పేది కాదు' అన్నారు.

ఆయన చెప్పింది వినడానికి చాలా తేలిక. పరుగెత్తకూడదు. గెంతకూడదు. సోఫా ఎక్కకూడదు. మెట్లు వద్దు. రోజుకి నాలుగైదు సార్లు గొలుసుతో కిందికి, అయిదు నిమిషాల్లో పని ముగించుకుని పైకి. మిగతా ఇరవైమూడున్నర గంటలూ ఒక చిన్న చోట. మోకాళ్ల నొప్పుల మీద నేను మా ఆదివారం పుస్తకానికి ఇప్పటికి మూడు కవర్‌ స్టోరీలు రాశాను. మూడింటిలోనూ 'తగినంత విశ్రాంతి తీసుకోవాలి' అని ఒక్క వాక్యంలో తేల్చేశాను. విశ్రాంతి అంటే ఏమిటో ఈ ఎనిమిది వారాల్లో తెలిసింది.

హాల్లో ఒక మూల దివాన్‌ అడ్డం పెట్టాం. ఇంకో వైపు బట్టలారేసే స్టాండు. టైల్స్‌ మీద పాత జంపఖానాలు, నా యోగా మ్యాటు (అది ఇన్నాళ్లకి ఒక పనికొచ్చింది), మావారి కారులోని రబ్బరు పట్టాలు. తలుపు మీద 'బెల్లు కొట్టకండి, ఫోన్‌ చేయండి' అని కాగితం అంటించాం. ఒక్కడూ చదవలేదు. పాలవాడు, పేపరు బిల్లు అబ్బాయి, గ్యాసతను... అందరూ కాగితం మీద వేలు ఆనించి మరీ బెల్లు కొట్టారు. రెండో రోజు మావారు స్టూలెక్కి బెల్లు వైరే పీకేశారు.

ఇక మా అత్తయ్య. తెనాలి పక్క పల్లెటూరు ఆమెది. మావగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు. కుక్క ఉన్న ఇంట్లో పూజ ఎలా చేసుకోనని మొదట వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆమె విష్ణుసహస్రనామం చదువుకుంటుంటే చిట్టి గుమ్మానికి ఇవతల తల ఆనించి పడుకునేది. తీర్థం పుచ్చుకున్నాక దానికో పటికబెల్లం ముక్క. మడి మాట మళ్లీ ఎత్తలేదు.

చిట్టికి దెబ్బ తగిలిన మొదటి రాత్రి ఆమె తన కీళ్లనొప్పుల మాత్ర సగం విరిచి పట్టుకొచ్చారు. 'నాకు పడింది, దీనికీ పడుతుందిలే' అని. అదృష్టం కొద్దీ నేను చూశాను. తర్వాత డాక్టర్ని అడిగితే ఆయన తలపట్టుకున్నారు. డైక్లోఫినాక్‌, ఐబుప్రొఫెన్‌ లాంటి మనుషుల మాత్రలు కుక్కల కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి. డైక్లోఫినాక్‌ అనగానే నాకు రాబందులు గుర్తొచ్చాయి. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతుంటే 2006లో మన దేశంలో పశువులకి వాడకుండా దాన్ని నిషేధించారు. దాని బదులు రాబందులకి హాని చేయదని తేలిన మందు మెలాక్సికమ్‌. చిట్టికి రాసిచ్చిందీ అదే. అదైనా బరువుని బట్టి కొలిచి, అన్నం తిన్నాకే వేయాలి. వాంతులైనా, విరేచనం నల్లగా అయినా ఆపేసి వెంటనే ఫోన్‌ చేయమన్నారు.

కిందికి తీసుకెళ్లేటప్పుడు పొట్ట కింద గుడ్డ వేసి వెనకభాగం కొంచెం ఎత్తిపట్టమన్నారు. నేను పాత తువ్వాలు వెతుకుతుంటే అత్తయ్య బీరువా తెరిచి మావగారి పంచె తెచ్చారు. జరీ అంచు పంచె. 'ఇది వద్దత్తయ్యా' అన్నాను. 'మెత్తగా ఉంటుంది, పొట్ట ఒరుసుకోదు. తీసుకో' అన్నారు. నాలుగు మడతలు పెట్టి ఆమే అందించారు. లిఫ్టు పాడైన రోజున మాత్రం పంచె సరిపోలేదు. మావారూ వాచ్‌మనూ కలిసి దుప్పట్లో పెళ్లికూతుర్ని మోసినట్టు మూడంతస్తులు మోశారు. అపార్ట్‌మెంట్‌ పిల్లలంతా వెనకాలే ఊరేగింపు.

మొదటి వారం రాత్రుళ్లు నరకం. చిట్టికి నొప్పి కన్నా ఒంటరితనం ఎక్కువ బాధ. పడగ్గది తలుపు వేస్తే చాలు, ఏడుపు. కింది ఫ్లాట్‌ వాళ్లు రెండుసార్లు ఫోన్‌ చేశారు. మూడో రాత్రి నేనే చాప తెచ్చుకుని దివాన్‌ ఇవతల పడుకున్నాను. బట్టల స్టాండు ఊచల మధ్యనుంచి ముక్కు బయటపెట్టి నా చేతి మీద ఆనించుకుని నిద్రపోయింది. పన్నెండు రాత్రులు అలాగే. ఆఫీసులో సెలవు అడిగితే 'కుక్క మోకాలికి సెలవేంటి? మా మోకాళ్లు నొప్పెడుతుంటే కూడా పని చేయించుకుంటారు కదా' అని మా సెక్షన్‌లో ఒకటే నవ్వులు. సెలవు దొరకలేదు. రెండు వ్యాసాలు ఆ చాప మీదే రాశాను.

వాపున్న మొదటి రోజులు పొద్దున సాయంత్రం పది నిమిషాలు గుడ్డలో చుట్టిన ఐసు. వాపు తీశాక వేడి కాపడం. ఇక్కడ అత్తయ్య రంగంలోకి దిగారు. ఉప్పు వేయించి మూట కట్టి, ముందు తన మణికట్టు మీద పెట్టి చూసుకుని, అప్పుడు దాని మోకాలి మీద. రెండో చేత్తో తన మోకాలికీ ఒక మూట! ఏం చేయాలో తోచక జంపఖానా పీకుతుంటే దానికి పని కల్పించమన్నారు డాక్టరు. ఆహారపు గింజలు గిన్నెలో పోయకుండా పాత తువ్వాల్లో మడతల మధ్య దాచి ఇచ్చేవాళ్లం. అబ్బాయి కొబ్బరిపీచు లోపల దాచేవాడు. అరగంట వాసన చూసి, వెతికి, తిని, అలిసిపోయి పడుకునేది. పరుగుతో వచ్చే అలసట ముక్కుతో కూడా వస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

మూడో వారం చివర తూకానికి తీసుకెళ్లాం. కాలు కింద ఆనిస్తోంది, నడక కాస్త మెరుగే. కాటా మీద నిలబెట్టారు. 39 కిలోల 600!

రెండొందల గ్రాములు పెరిగింది. తిండి నాలుగోవంతు తగ్గించి మూడు వారాలైంది. 'ఇంట్లో ఎవరో పెడుతున్నారు' అన్నారు డాక్టరు. ఎవరూ పెట్టడం లేదని ఒట్టేసి చెప్పాను. 'అయితే ఆపరేషన్‌కి తేదీ చూసుకోండి. ఈ బరువుతో మిగిలిన ఆ కాస్త తాడూ నిలవదు. రెండో కాలూ మిగలదు. ఇలా ఒక మోకాలు పోయిన కుక్కల్లో సుమారు సగానికి తర్వాత రెండోదీ పోతుంది' అన్నారు.

రెండు రోజుల తర్వాత ఒక ఇంటర్వ్యూ రద్దయి మధ్యాహ్నం రెండింటికే ఇంటికొచ్చాను. తాళం తీసి లోపలికి అడుగు పెడితే, బట్టల స్టాండు పక్కకి జరిపి ఉంది. లోపల చిన్న పీట మీద అత్తయ్య. నేల మీద కూర్చోలేరు కదా. ఒళ్లో స్టీలు గిన్నె. పెరుగన్నం. గోరుముద్దలు చేసి చిట్టి నోటికి అందిస్తున్నారు. నా చిన్నప్పుడు మా అమ్మ నాకు అలాగే పెట్టేది.

నేను అరిచాను. 'దాన్ని చంపేస్తారా అత్తయ్యా?' అన్నాను. అనకూడని మాట. మా పెళ్లయి పద్నాలుగేళ్లు, ఆమె మీద గొంతెత్తడం అదే మొదలు.

ఆమె గిన్నె కింద పెట్టారు. కొంగుతో చేయి తుడుచుకున్నారు.

'మీ మావగారు ఆఖరి వారం ఆస్పత్రిలో ఒక్క ముద్ద పెరుగన్నం పెట్టవే అని అడిగారమ్మా. డాక్టర్లు నోటికి ఏమీ ఇవ్వద్దన్నారు. నేను పెట్టలేదు. మూడు రోజులు అడిగారు. తర్వాత అడగలేదు. ఇది నా వైపు చూస్తుంటే నా వల్ల కాదు.'

నాకు ఆ సంగతి తెలియదు. మావారికీ తెలియదని ఆ రాత్రి తెలిసింది. పద్నాలుగేళ్లు ఒకే కంచాల్లో తిన్నాం. ఏం చెప్పాలో తోచక వంటింట్లోకి వెళ్లి టీ పెట్టాను. ఆమె తాగలేదు. రెండు రోజులు మాటల్లేవు. చిట్టి మాత్రం మధ్యాహ్నం రెండింటికి ఆమె గది వైపు తిరిగి కూర్చునేదని పనమ్మాయి చెప్పింది.

మూడో రోజు పొద్దున నేను వంటింటి కాటా మీద గింజలు తూస్తుంటే వెనక నుంచి, 'ఎన్ని గ్రాములేంటి?' అన్నారు. చెప్పాను. ఆ డిజిటల్‌ అంకెల మీద ఆమెకి నమ్మకం లేదు. లోపలికెళ్లి ఇత్తడి గిద్ద తెచ్చారు. పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన కొలతల్లో మిగిలింది అదొక్కటే. గిద్ద నిండా గింజలు పోసి, చేత్తో తలకొట్టి, కాటా మీద పెట్టి చూసుకున్నారు. పూటకి ఎన్ని గిద్దలో లెక్క తేల్చారు. 'ఇక దీని తిండి నేను చూస్తాను. నువ్వు ముట్టుకోకు' అన్నారు.

అప్పట్నుంచి మధ్యాహ్నం రెండింటికి చిట్టికి గోరుముద్దలే. అన్నం బదులు ఉడికించిన బీన్సు, క్యారెట్‌, సొరకాయ. ఉల్లిపాయ, ద్రాక్ష కుక్కలకి విషమని డాక్టరు చెప్పారు కనుక అవి ఆ దరిదాపులకి రానిచ్చేవారు కాదు. పెరుగు ఒక్క చెంచా, పైన మీగడ తీసేసి. ఆ ఒక్క చెంచా గురించి డాక్టరుకి నేను చెప్పలేదు. పాలపుస్తకం వెనక పేజీల్లో తేదీ వేసి రాసేవారు ఎన్ని గిద్దలు, ఎన్ని బీన్సు అని. ఎదురింటావిడ బిస్కెట్‌ పెట్టబోతే అత్తయ్య ఆమెకి పెట్టిన చీవాట్లు లిఫ్టు దాకా వినబడ్డాయి.

నాలుగో వారం నుంచి నడక పెంచాం. పది నిమిషాలు, తర్వాతి వారం పదిహేను. చాలా మెల్లగా. వేగం పెరిగితే కుక్క నొప్పి కాలు ఎత్తేసి మూడు కాళ్ల మీద గెంతేస్తుంది. మెల్లగా నడిపిస్తేనే నాలుగోది పెట్టక తప్పదు. ఈ నడకకి మా ఇంట్లో సరిపోయిన మనిషి ఒక్కరే! తన మోకాళ్లతో అత్తయ్య నడిచే వేగం చిట్టికి అచ్చంగా అతికినట్టు సరిపోయింది. సాయంత్రం ఆరింటికి అపార్ట్‌మెంట్‌ చుట్టూ ఇద్దరూ. గొలుసు పట్టుకుని పక్కన మా అబ్బాయి, ఏ పిల్లో కనబడి అది లాగితే ఆమె పడిపోకుండా. ఆమెకి కూడా నడవమని డాక్టరు చెప్పి మూడేళ్లయింది. ఆ సంగతి నేను గుర్తు చేయలేదు.

అన్నీ సవ్యంగా సాగాయని కాదు. ఆరో వారంలో అబ్బాయి స్కూలు నుంచి రాగానే జాలిపడి అడ్డు తీసేశాడు. చిట్టి ఎగిరి సోఫా ఎక్కింది. మర్నాడు మళ్లీ కుంటడం. మళ్లీ ఐసు, మళ్లీ అయిదు నిమిషాల నడక. వాడు రాత్రి అన్నం మానేసి ఏడ్చాడు. స్టేటస్‌లో ఫొటో పెట్టిన నేను వాణ్ని ఏమనగలను?

ఎనిమిదో వారం కాటా మీద 37 కిలోల 600. డాక్టరు తొడలు కొలిచారు. కుడి తొడ పూర్తిగా రాలేదు గానీ పెరిగింది. సొరుగు ఇంకా కొంచెం జారుతూనే ఉంది. అది జారుతూనే ఉంటుందట. చుట్టూ కండ, కీలు చుట్టూ గట్టిపడిన పొర కలిసి దాన్ని నిలబెట్టాలి. 'ఆపరేషన్‌ మాట ఇప్పటికి పక్కన పెడదాం. తీసేయడం లేదు, పక్కన పెడుతున్నాం' అని ఒత్తి చెప్పారు. ఇంకో నాలుగు నెలలు బంతి లేదు, పరుగు లేదు. కీలువాతం మాత్రం జీవితాంతం ఉంటుంది. చలికాలం పొద్దున్నే బిగుసుకుంటుంది. పన్నెండో వారానికి 36 కిలోల 200.

మొన్న ఆదివారం మావారు స్టూలెక్కి బెల్లు వైరు మళ్లీ కలిపారు. ఎన్నాళ్లని ఫోన్లు చేయించుకుంటాం? జంపఖానాలు గుమ్మం దాకా పరిచాం. అడ్డం తీసేశాం. నేను చిట్టి మెడపట్టీ పట్టుకుని కూర్చున్నాను. అబ్బాయి బయటికెళ్లి నొక్కాడు.

చిట్టి తలెత్తింది. చెవులు నిక్కబొడుచుకుంది. ఒళ్లంతా బిగిసింది.

'ఆగవే!' అంది వంటింట్లోంచి అత్తయ్య గొంతు.

లేచింది. తలుపు వైపు చూసింది. వంటింటి వైపు చూసింది. ఒక క్షణం ఆలోచించి, జంపఖానా మీద మెల్లగా నడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. నాలుగు కాళ్ల మీద. టైమ్‌ చూస్తే రెండు కావస్తోంది. బయట మా అబ్బాయి ఇంకా బెల్లు కొడుతూనే ఉన్నాడు.